కోఠీ రెసిడెన్సీ కిర్క్‌పాట్రిక్: ప్రేమకథ పక్కన పెడితే ఆయన చేసిన ఉద్యోగం ఏంటి?

కోఠీపిల్ల:
నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో మూడేళ్లు చదివాను. ఆ పెద్ద రెసిడెన్సీ బంగళా ముందు సింహాల పక్కన ఫొటో దిగని బ్యాచ్ ఉండదు. ఎవరిని అడిగినా ఒకటే కథ, జేమ్స్ కిర్క్‌పాట్రిక్ అనే దొర ఖైరున్నీసాని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు, పరదాలో ఉండే ఆమె చూడటానికి బంగళాకి చిన్న నమూనా కట్టించాడు అని. సరే బాగుంది. మరి జీతం తీసుకుని ఆయన రోజూ చేసిన పనేంటి? రెసిడెంట్ అంటే కలెక్టర్ లాంటివాడా, అంబాసిడరా?

పాతబస్తీ_చాయ్:
పేరుకి అంబాసిడరే. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దర్బారులో కూర్చోవాలి, ఎవరు ఎవరితో మంతనాలు చేస్తున్నారో కనిపెట్టాలి, కలకత్తాలో ఉన్న గవర్నర్ జనరల్‌కి ఉత్తరాలు రాయాలి. ఈయన 1764లో మద్రాసులో పుట్టాడు. అన్న విలియం ఇక్కడ రెసిడెంట్‌గా ఉండి ఆరోగ్యం బాగాలేక వెళ్లిపోతే ఆ సీటు ఈయనకి వచ్చింది. ఫార్సీ బాగా వచ్చు, ఇక్కడి బట్టలు వేసేవాడు, నిజాం హష్మత్ జంగ్ అని బిరుదు కూడా ఇచ్చాడు.

వచ్చీరాగానే పెద్ద పని పడింది. అప్పట్లో నిజాం దగ్గర ఫ్రెంచివాళ్లు నడిపే సైన్యం ఉండేది, దాదాపు 14 వేల మంది. దాని నాయకుడు రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు (మూసారాంబాగ్ పేరు ఆయనదే అంటారు). సెప్టెంబర్‌లో కిర్క్‌పాట్రిక్ ఒప్పందం రాయించాడు, ఫ్రెంచివాళ్లని పంపెయ్యాలి, కంపెనీ పటాలాన్ని పెట్టుకోవాలి, ఖర్చు నిజాందే. అక్టోబర్‌కి ఆ సిపాయిలే జీతం బాకీల కోసం తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడ్డారు, ఈలోపు కంపెనీ సేన చుట్టుముట్టింది, యుద్ధం లేకుండానే అంతమందీ ఆయుధాలు కింద పెట్టేశారు.

కడప_కారం:
అసలు సంగతి ఎవరూ చెప్పరేంటి? 1800 అక్టోబర్‌లో ఇంకో ఒప్పందం జరిగింది, దాన్ని కుదిర్చింది కూడా ఈయనే. మైసూరు యుద్ధాల్లో టిప్పు నుంచి నిజాం వాటాకి వచ్చిన జిల్లాలన్నీ పటాలం ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చేశారు. అంటే మేమే! కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు అన్నీ. మమ్మల్ని దత్తమండలాలు అని పిలిచింది అందుకే. ఆ పేరు పోయి రాయలసీమ అనుకోవడానికి 1928 నంద్యాల సభ దాకా ఆగాల్సి వచ్చింది. మీకు ప్రేమకథ, మాకు కంపెనీ కలెక్టర్ మన్రో దొర శిస్తు.

సీమ_మాస్టారు:
తమ్ముడూ, చిన్న సవరణ. కర్నూలు ఊరు అప్పుడు పోలేదు, 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. 1800లో పోయింది పత్తికొండ, కంభం లాంటి తాలూకాలు. అనంతపురం కూడా అప్పటికి జిల్లా కాదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు. మిగతాదంతా కరెక్టే.

కోఠీపిల్ల:
అమ్మో, ఇది మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు! మరి ఆ బంగళాకి డబ్బెవరిది?

పాతబస్తీ_చాయ్:
నిజాందే, నవ్వొస్తుంది కదా. స్థలం గురించి ఒక ముచ్చట ఉంది, కిర్క్‌పాట్రిక్ దగ్గర అసిస్టెంట్‌గా చేసిన జాన్ మాల్కమ్ చెప్పింది. కావాల్సిన స్థలాన్ని పెద్ద కాగితం మీద కొలతలతో గీయించి తీసుకెళ్తే నిజాం ససేమిరా అన్నాడట. మా రాజ్యం మ్యాపులే ఇంత పెద్దగా ఉండవు, ఇంత నేల ఎలా ఇస్తారు అని దర్బారులో ఒకాయన విడమర్చి చెప్పాక, అదే స్థలాన్ని చిన్న కార్డు ముక్క మీద గీసి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నాడట. ఎంతవరకు నిజమో గానీ నాకు మాత్రం ఆయన ఉద్యోగం మొత్తం ఇందులోనే కనబడుతుంది.

ఇక పెళ్లి మీద గవర్నర్ జనరల్ వెల్లెస్లీ రహస్యంగా విచారణ చేయించాడు, ఉద్యోగం ఊడే దాకా వచ్చి ఆగింది. తర్వాత తర్వాత వెల్లెస్లీ దూకుడు ఈయనకే నచ్చలేదు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు, కొద్ది వారాలకే ఈయన కలకత్తాలో చనిపోయాడు, 41 ఏళ్లకి.

కోఠీపిల్ల:
థాంక్యూ అందరికీ. ఆదివారం రేమండ్ సమాధి చూడాలనుంది, ఎలా వెళ్లాలి?

పాతబస్తీ_చాయ్:
మూసారాంబాగ్ మెట్రోలో దిగి ఆస్మాన్‌గఢ్ అని ఆటో మాట్లాడుకో. మధ్యాహ్నం మాత్రం వెళ్లకు, గుట్ట మీద నీడ ఉండదు.