‘నెత్తురు తాగు’, ‘రక్తపిశాచి’, ‘వాంపైర్’: ఏ మాట ఎవరికి చెల్లుతుంది?

గ్రూపులోని అనువాదకులకు, మన వైపు మాట మీద పట్టున్నవాళ్లకు ఒక ప్రశ్న.

ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. విషయం: తాము నిజంగానే వాంపైర్లమని నమ్మే మనుషులు. సినిమాల్లో కోటు వేసుకుని కిటికీలోంచి దూకేవాళ్లు కాదు. అమెరికాలో, యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, ఇంటి కిరాయి కట్టుకుంటూ బతికే మామూలు జనం. జాన్ ఎడ్గార్ బ్రౌనింగ్ అనే పరిశోధకుడు న్యూ ఆర్లీన్స్, బఫెలో నగరాల్లో ఇలాంటివాళ్లతో చాలాకాలం తిరిగి, 2015లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఆయనకు తారసపడినవాళ్లలో బార్లలో పనిచేసేవాళ్లు, సెక్రటరీలు, నర్సులు ఉన్నారు. చచ్చి లేచామని గానీ, మాకు చావు లేదని గానీ వాళ్లు అనరు. ఒంట్లో ఏదో శక్తి లోటు ఉందనీ, ఈడొచ్చే వయసులో అది బయటపడిందనీ, ఇంకో మనిషి దగ్గర కొంచెం తీసుకుంటే తప్ప నీరసం తీరదనీ అంటారు. కొందరు తీసుకునేది నెత్తురు. ఇంకొందరు అసలు ముట్టుకోరు, ఎదుటివాళ్ల ఒంట్లోని శక్తిని లాక్కుంటామంటారు.

నెత్తురు తీసుకునేవాళ్ల పద్ధతిలో మెడ కొరకడం లేదు. ఇచ్చే మనిషి ముందు ఒప్పుకోవాలి. జాగ్రత్త గలవాళ్లు ఇద్దరికీ రక్త పరీక్షలు చేయించుకుంటారు. కొత్త బ్లేడుతో, మచ్చ కనబడని చోట చిన్న గాటు పెట్టి కాసింత పీలుస్తారు. మనిషి నోటి నిండా క్రిములుంటాయి కాబట్టి కొరకడం వాళ్లకే నచ్చదు.

ఇక నా తిప్పలు. ‘రక్తపిశాచి’ అని రాసి చూశాను. ‘ఆమె రక్తపిశాచి. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తుంది.’ ఇంట్లో చదివి వినిపిస్తే పక్కున నవ్వారు. ‘రక్తం తాగే మనిషి’ అని మార్చితే ఈసారి నవ్వలేదు, ‘ఎవరా ఫైనాన్స్‌వాడు?’ అని అడిగారు.

అక్కడే నాకు అసలు సంగతి తట్టింది. మన దగ్గర ‘నెత్తురు తాగిండు’ అంటే నెత్తురు తాగాడని ఎవరూ అనుకోరు. వడ్డీవాడు తాగుతాడు, దొర తాగాడు, మారాం చేసే పిల్లలు తాగుతారు (‘నా నెత్తురు తాగకుండ్రి పొద్దుగాల పొద్దుగాల’). నిజంగా నోట్లోకి పోయే నెత్తురుకు మాత్రం ఆ పేరు పెట్టం. ఆదివారం మటన్ కొట్టు ముందు నిలబడి తలకాయ, బోటి, నల్ల అని అడుగుతాం. మేక మెడ కింద ఉప్పు చల్లిన గిన్నె పెట్టి పడతారు, కాసేపటికి అది కార్జం లాగా గడ్డకడుతుంది, ముక్కలు కోసి ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి నీళ్లన్నీ ఇగిరి పొడిపొడిగా అయ్యేదాకా వేయిస్తారు. పుట్టినప్పటి నుంచి తింటున్నవాళ్లు కూడా ‘నెత్తురు తిన్న’ అనరు. ‘నల్ల తిన్న’ అంటారు.

బొడ్రాయి పండుగకో, పోచమ్మ బోనాలకో పోతరాజు గొర్రెపిల్ల గొంతును పండ్లతో కొరుకుతాడు. మూతి, గడ్డం అంతా ఎర్రగా ఉంటుంది. ఊరంతా చూస్తుంది. దానికి మాట ‘గావు పట్టిండు’. నెత్తురు ఊసే లేదు. అంటే ‘నెత్తురు తాగు’ మనకు వర్ణన కాదు, తిట్టు. దాన్ని తమకు తాము చెప్పుకునేవాళ్ల మీద ఎట్లా పెట్టాలి? సలహాలు ఇవ్వండి.

—

పరకాల నుంచి, రిటైర్డ్ తెలుగు పండితులు:

అమరకోశం తెరవండి బాబూ. రాక్షసుడి పేర్లలో ‘అస్రపుడు’ ఉంది. అస్రం అంటే నెత్తురు, దాన్ని తాగేవాడు. ‘రక్తప’ కూడా ఉంది కానీ అమరసింహుడు ఆ పేరు జలగకు ఇచ్చేశాడు. పిశాచం మాట వేరు. పిశితం అంటే మాంసం, అది తినేది పిశాచమని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. కాబట్టి రక్తపిశాచి అంటే ఒక విధంగా రక్తం తాగే మాంసాహారి, పేరులోనే రెండు వంటలు.

మీరన్న ‘తిట్టు’ సంగతికి భారతమే సాక్ష్యం. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగుతానని భీముడు సభలో ప్రతిజ్ఞ చేశాడు, యుద్ధంలో చేసి చూపించాడు. అయినా స్త్రీపర్వంలో గాంధారి నిలదీసేసరికి ఏమన్నాడు? అమ్మా, ఆ నెత్తురు నా పళ్లు, పెదవులు దాటి లోపలికి పోలేదన్నాడు. అంతటి భీముడే ‘తాగాను’ అని ఒప్పుకోలేదు.

—

నర్సంపేట నుంచి:

సార్, అస్రపుడు బాగుంది గానీ మా పిల్లలు ‘అస్త్రం’ అనుకుంటారు. మా మేనేజర్‌కు మాత్రం రక్తప కరెక్టు. మంత్ ఎండ్ టార్గెట్ టెన్షన్ అప్పుడు ఆయన పేరు అమరకోశంలో కలపొచ్చు.

—

కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థిని:

భాష సంగతి పెద్దవాళ్లు చూసుకోండి. వ్యాసంలో ఈ రెండు ముక్కలు తప్పకుండా రాయండి అన్నా. తాగిన నెత్తురు మన నెత్తురులో కలవదు. కడుపులోకి పోయాక అది కూడా పప్పూ మాంసం లాంటి ఒక ప్రొటీన్, అరిగిపోతుంది. ఎక్కువ పోతే వాంతి అవుతుంది. తలసేమియా పిల్లలకు రక్తం నరంలోకి ఎక్కించేది అందుకే. ఇక హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి లాంటివి పరీక్షలో కనబడకుండా ఉండే రోజులు కొన్ని ఉంటాయి. నెగటివ్ రిపోర్టు చూపించినంత మాత్రాన భయం పోదు.

పోర్ఫిరియా అనే జబ్బే వాంపైర్ కథలకు మూలమని నెట్‌లో తెగ తిరుగుతుంది. 1985లో డేవిడ్ డాల్ఫిన్ అనే రసాయన శాస్త్రవేత్త అన్న మాట అది. ఆ రోగులు కొందరికి ఎండ పడదు, అంతవరకు నిజం. నెత్తురు తాగితే ఆ జబ్బు తగ్గదు, తాగాలని వాళ్లకు అనిపించదు కూడా. డాక్టర్లు అప్పుడే కొట్టిపారేశారు. పాపం రోగులకు మాత్రం ఆ పేరు అంటుకుంది.

ఇంకొకటి. తాము వాంపైర్లమని నమ్మేవాళ్లు ఆ సంగతి డాక్టరుకో, కౌన్సిలర్‌కో చెప్పడానికి జంకుతారని డి.జె. విలియమ్స్ బృందం 2015లోనే రాసింది. పిచ్చి అని ముద్ర వేస్తారని వాళ్ల భయం. మాట ఎంచుకునేటప్పుడు అది కూడా చూడండి.

—

నా జవాబు:

థాంక్స్ తల్లీ. ఆ నెగటివ్ రిపోర్టు ముక్క వ్యాసంలో ఎక్కిస్తాను.

పండితులవారి భీముడు నా వాదానికి బాగా పనికొచ్చాడు. ఇంకాస్త ముందుకు పోతాను. మన వైపు ఇలాంటివన్నీ మనిషి మీదికి బయటి నుంచి వస్తాయి. వానికి దయ్యం పట్టింది. పిల్లకు గాలి సోకింది. ఆమెకు శిగం వచ్చింది, అంటే దేవుడు పూనాడు. వాక్యం చూడండి, మనిషి ఎప్పుడూ ‘కు’ ప్రత్యయంతో పక్కన నిలబడి ఉంటాడు. కర్త దయ్యమో, దేవుడో. వచ్చింది కాబట్టి పోతుంది కూడా, నిమ్మకాయ కోస్తేనో, సాక పోస్తేనో. న్యూ ఆర్లీన్స్ మనిషి ‘నాకు వాంపైర్ పట్టింది’ అనడు. ‘నేను వాంపైర్ని’ అంటాడు. ఆ ‘ని’ దగ్గరే మన మాటలన్నీ ఆగిపోతున్నాయి.

—

ఐనవోలు దగ్గరి ఊరు నుంచి, ఒక అక్క:

ఎందుకు ఆగుతాయి తమ్మీ? శివసత్తి లేదా, దేవుడు మీదికొచ్చే ఆడమనిషి? మా మేనత్త శివసత్తి. సంక్రాంతికి మల్లన్న జాతరలో శిగం ఊగుతది, అది వచ్చి పోయేదే. కానీ మిగతా దినాలు కూడా ఆమె శివసత్తే. ‘నేను శివసత్తిని’ అని ఆమె నోటితోనే అంటది, పసుపు, గవ్వలు, తీరు అన్నీ దానికే. మొదలు మా తాత ఒప్పుకోలేదు, ఒంట్లో బాగలేక ఏండ్లకేండ్లు తిప్పలైంది, అప్పుడు ఒప్పుకున్నారు. నువ్వు చెప్పిన ‘ఈడొచ్చినప్పుడు బయటపడ్డది’ అనే మాట మా ఇంట్లో విన్నట్టే ఉంది.

—

నా జవాబు:

అక్కా, ఈ ఉదాహరణకు దండం. ఇది పెట్టకుండా వ్యాసం ఉండదు. ఒక తేడా మాత్రం నాకు కనబడుతుంది. మీ మేనత్త చెప్పేది ఊరు వింటుంది, జాతరలో ఆమెకు చోటుంది, కాళ్లు మొక్కేవాళ్లున్నారు. వీళ్లకు ఊరు లేదు. న్యూ ఆర్లీన్స్‌లో వాళ్లకు ఒక సంఘం ఉంది. పండుగల రోజుల్లో ఇల్లులేనివాళ్లకు భోజనాలు పెడుతుంది. అయినా వాళ్లను వాంపైర్లుగా ఒప్పుకునేది వాళ్లలో వాళ్లే.

—

జనగామ నుంచి:

దొరలను నెత్తురు తాగేవాళ్లనడం మన సొంత మాటే గానీ, వాంపైర్‌కు కూడా ఆ మలుపు మొదటి నుంచే ఉంది. సెర్బియా పల్లెల్లో శవాలు లేచి నెత్తురు తాగుతున్నాయని ఆస్ట్రియా సైన్యం డాక్టర్లు రిపోర్టు రాశారు, 1732లో ఆ వార్తలతోనే ఇంగ్లీషు పేపర్లలోకి ఈ మాట జోరుగా వచ్చింది. కొన్నాళ్లకు వోల్టేర్ ఏమన్నాడంటే, లండన్‌లో, పారిస్‌లో పట్టపగలే జనం నెత్తురు పీల్చే వ్యాపారులున్నారు, కాకపోతే వాళ్లు చచ్చినవాళ్లు కారన్నాడు. మార్క్స్ 1867లో పెట్టుబడిని వాంపైర్‌తో పోల్చాడు. మా వైపు వెట్టి చేసిన ముసలివాళ్లు వీళ్లెవరినీ చదవలేదు. అయినా అదే మాట అన్నారు.

—

హుజూరాబాద్ నుంచి:

పిశాచి అంత చెడ్డ మాటేం కాదు. గుణాఢ్యుడు బృహత్కథను పైశాచీ భాషలో, అడవిలో సిరా దొరక్క తన నెత్తురుతోనే రాశాడని కథాసరిత్సాగరం చెబుతుంది.

—

నా జవాబు:

ఆయన నెత్తురు పోశాడు సార్, వీళ్లు తీసుకుంటున్నారు. శాఖ వేరు.

—

హన్మకొండ నుంచి:

నెత్తురు ముట్టనివాళ్లకు మాట నేను చెప్తా: ‘పీల్చి పిప్పి చేసేవాళ్లు’. మా వాడకట్టులో ఒకామె ఉంది, గేటు దగ్గర అరగంట ముచ్చట పెడితే పాణం సగమైతది. ఇంట్లకొచ్చి పండుకోవాలె.

—

భూపాలపల్లి నుంచి:

‘ఉసురు’ వాడండి. ఉసురు తాగేవాళ్లు.

—

నా జవాబు:

ఉసురు చాలా మంచి మాట, అందుకే భయం. ‘ఉసురు పోసుకున్నడు’, ‘ఉసురు తగుల్తది’ అంటాం కదా. అవతలివాడు ఏడిస్తేనే ఆ మాట. ఇష్టపడి ఇచ్చిన దానికి ఉసురు తగలదు. పీల్చి పిప్పి చేయడంలోనూ అంతే, పిప్పి అయినవాడిని ఎవరూ అడిగి చేయరు. నెత్తురు ఇచ్చేవాళ్లను రక్తదాత అందామంటే ఆ మాట శిబిరంలో పడుకుని బిస్కెట్ ప్యాకెట్ తీసుకునేవాళ్లది. ఉత్త ‘దాత’ అని సరిపెట్టుకుంటున్నాను.

—

జగిత్యాల నుంచి:

మీరందరూ సరదాగా మాట్లాడుతున్నారు, మంచిదే. వ్యాసం మన జిల్లాల్లో చదువుతారని మాత్రం మర్చిపోకండి. అక్కడ ఒక మనిషి నేనిది అని తనంతట తాను చెప్పుకుంటాడు. ఇక్కడ మంత్రగాడు, బాణామతి చేసింది అనే పేరు పక్కింటివాళ్లు పెడతారు. నాకేం తెల్వదని మొత్తుకున్నా పోదు. 2022 జనవరిలో మా పట్టణంలోనే మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు.

పండ్ల సంగతి కూడా రాయండి. అక్కడ వాంపైర్ మనిషి అచ్చు తీసి కోరపండ్లు చేసేవాడి దగ్గరికి పోయి, డబ్బులిచ్చి తగిలించుకుంటాడు. ఇక్కడ బాణామతి అనుమానం పడ్డవాళ్ల పండ్లు రాలగొట్టారు. నోట్లో పండ్లు లేకపోతే మంత్రం పలకదని. కాబట్టి ‘పిశాచి’, ‘క్షుద్ర’ లాంటి మాటలు హెడ్డింగులో వద్దు.

—

నా జవాబు:

వద్దు, పెట్టను. మీ కామెంట్ చదివాక ‘రక్తపిశాచి’ చిత్తుప్రతిలో ఒక్కచోట కూడా మిగల్చలేదు. సెర్బియా శవాల దగ్గర తప్ప, అక్కడ అది సరిగ్గా సరిపోతుంది. పండ్ల విషయం రాస్తాను, పేర్లు లేకుండా.

మాట ఎంచడానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. దానికి బహువచనం చేసి క్రియ తగిలించడం. దయ్యాలు వచ్చినయి. పిశాచాలు వచ్చినయి. రక్తపిశాచులు కూడా ‘వచ్చాయి’ అనే నోటికి వస్తుంది. ‘వచ్చారు’ అంటే నాలుక తడబడుతుంది. మన వ్యాకరణం వాటిని మనుషుల బంతిలో కూర్చోనివ్వదు. శివసత్తులు వచ్చిండ్రు. అస్రపులు వచ్చారు, కానీ ఎవరో ఎవరికీ తెలియదు. వాంపైర్లు వచ్చారు: ఇది నడుస్తుంది. అరువు మాట కాబట్టి పాత తిట్టు దానికి అంటలేదు, ‘ఆయన’ అన్నా, ‘గారు’ అన్నా ఒప్పుకుంటుంది. మొదటిసారి ‘వాంపైర్లమని చెప్పుకునేవాళ్లు’ అని రాసి, తర్వాత ఉత్త ‘వాంపైర్లు’ అని నడిపిస్తాను.

—

నర్సంపేట నుంచి:

‘చెప్పుకునేవాళ్లు’ అంటే కాదని నువ్వు ఎత్తిపొడిచినట్టుంది అన్నా. ‘నేను ఆఫీసర్నని చెప్పుకుంటడు’ అంటే ఏమర్థం?

—

నా జవాబు:

నిజమే, వెక్కిరింపు వాసన ఉంది. ‘తాము వాంపైర్లమనేవాళ్లు’ అయితే?

—

పరకాల నుంచి:

అది బాగుంది. ‘అనేవాళ్లు’లో నమ్మకమూ లేదు, వెటకారమూ లేదు. అచ్చు పడ్డాక గ్రూపులో పెట్టండి, అస్రపుడిని కనీసం ఒక బ్రాకెట్లోనైనా ఉంచండి.