మా తాత పడవ నడిపిన కాలువ ఎవరు తవ్వింది?

ఇసకపల్లి కుర్రాడు:
మాది నెల్లూరు జిల్లా ఇసకపల్లి. మా తాత బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవ నడిపేవాడు. ఇక్కడి కొఠార్లలో బస్తాలెత్తి మద్రాసులో దించేవాళ్ళంట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు గట్టు మీద మోకు భుజానేసుకుని లాగాల్సిందే. ఆయన కుడి భుజం మీద మోకు ఒరుసుకున్న నల్లటి మచ్చ చనిపోయేదాకా అలాగే ఉండింది. చిన్నప్పుడు దాన్ని వేలితో తడిమేవాణ్ణి.

మా అవ్వేమో "అది ధాత కరువులో గంజి కోసం జనం తవ్విన కాలువ" అనేది. బళ్ళో అయ్యవారేమో ఇంగ్లీషువాళ్ళు వ్యాపారానికి తవ్వించారన్నారు. ఏది నిజం? మా పాపకి తప్పు చెప్పకూడదని అడుగుతున్నా.

ఒంగోలు పెద్దాయన:
మీ అవ్వ చెప్పింది అబద్ధం కాదు నాయనా. అయితే కాలువ కరువు కంటే చాలా ముందుది. 1806లో కోక్రేన్ అనే ఇంగ్లీషు వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించాడు. తర్వాత ప్రభుత్వం తీసుకుని ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి, మా పెదగంజాం దాకా పొడిగించింది. మద్రాసు ఊళ్ళో కూవం, అడయారు నదుల్ని కలిపే 8 కిలోమీటర్ల ముక్క మాత్రం అచ్చంగా మీ అవ్వ చెప్పిన ధాత కరువులో, 1877-78లో జరిగిన పనే. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ కావడంతో కాలువకి ఆ పేరు పెట్టారు. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ కలుస్తుంది కాబట్టి కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముఖం చూడకుండానే మద్రాసు చేరేది. రైలు, లారీలు వచ్చాక పడవలు తగ్గాయి. తుఫాన్లకి గట్లు తెగి పూడిక పడింది.

సూళ్ళూరుపేట ఆడపడుచు:
ఒక్క మాట కలుపుతా తమ్ముడూ. మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు కూడా ఈ కాలువ మీదే పోయేవి. శ్రీహరికోట అడవిలో కట్టె కొట్టింది ఎక్కువగా యానాదులే. తేనె, దుంపలు, మూలికలు, అన్నీ వాళ్ళకి తెలిసిన అడవి. రాకెట్ కేంద్రానికి 1969లో ఆ దీవిని ఎంచుకున్నాక చాలా కుటుంబాలు ఇవతలి గట్టుకి వచ్చేశాయి. డ్యూక్ పేరు కాలువకి మిగిలింది, వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. నాకదే బాధ. పాపకి కాలువ గురించి చెప్పేటప్పుడు యానాదుల గురించి కూడా చెప్పు.

ఇసకపల్లి కుర్రాడు:
తప్పకుండా చెప్తా అక్కా. పెద్దాయనా, దండాలు. అవ్వ తాతముత్తాతల్లో ఎవరైనా ఆ కరువు పనికి మద్రాసు పోయారేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. మా ఊళ్ళో మోకు లాగినాయన ఒకరు ఇంకా ఉన్నారు, ఎనభై దాటాయి. ఆదివారం పాపని తీసుకుని వెళ్తున్నా. ఆయన మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇక్కడే రాస్తా.