పులికాట్‌లో పడవ ఎక్కాలంటే సంక్రాంతి సెలవుల్లో వాతావరణం ఎలా ఉంటుంది?

వేళచ్చేరి వాసి: అందరికీ నమస్కారం. పండక్కి నెల్లూరు నుంచి అమ్మ, అక్క, అక్క కొడుకు (ఎనిమిదేళ్ళు) చెన్నై వస్తున్నారు. రాజహంసలను (ఫ్లెమింగోలను) పడవలోంచి చూపిస్తానని వాడికి మాటిచ్చేశాను. జనవరి రెండో వారంలో వాన భయం ఉందా? పక్షులు ఉంటాయా? అమ్మకు అరవై రెండు, ఈత రాదు. అదే టెన్షన్.

తడ అల్లుడు: మా అత్తగారి ఊరు అటువైపే కాబట్టి చెప్తున్నాను. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా ఆ సమయానికి వెనక్కి పోతాయి. కానీ బంగాళాఖాతంలో ఒక్క అల్పపీడనం పుడితే లెక్క మారిపోతుంది. అసలు చూడాల్సింది చెరువులో నీటిమట్టం. రాజహంస నీళ్ళలో నిలబడి, ముక్కు తలకిందులు చేసి బురద జల్లెడ పడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో వానలు దండిగా పడితే నీళ్ళు లోతెక్కి, కాళ్ళు ఆనే చోటు వెతుక్కుంటూ అవి చెదిరిపోతాయి. నీళ్ళు తీసే కొద్దీ, అంటే ఫిబ్రవరి వైపుకి, గుంపులు బాగా కనిపిస్తాయి. పండక్కి అసలు కనిపించవని కాదు, దూరంగా తెల్లటి గీతలా కనిపిస్తే మాత్రం పిల్లాడు అలగొచ్చు. బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి.

పాత మద్రాసు: అమ్మా, పడవ సంగతి ముందు తేల్చుకో. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పళవేర్కాడులో పడవ బోల్తా పడి 22 మంది పోయారు. లైఫ్ జాకెట్లు లేవు. ఒడ్డున ఎవరో "రండి రండి" అని పిలిచారని ఎక్కేయొద్దు. అనుమతి ఉన్న పడవేనా, ఎంతమందిని ఎక్కిస్తారు, ఒంటికి సరిపోయే జాకెట్టు ఉందా, ఈ మూడూ అడుగు. పెద్దవాళ్ళ జాకెట్టు పిల్లాడికి తొడిగితే నీళ్ళలో తల మీదుగా జారిపోతుంది.

వేళచ్చేరి వాసి: అయ్యో, ఇంత జరిగిందని తెలీదండీ. మరి గాలి సంగతి?

తడ అల్లుడు: అదే చెప్పబోతున్నా. పోయిన ఫిబ్రవరిలో మేం తడ దగ్గర భీములవారిపాలెం పడవల రేవు నుంచి వెళ్ళాం. చెరువులో వలల గుర్తుకు పాతిన కర్రలకు ఎర్ర గుడ్డ పీలికలు కడతారు. ఉదయం ఏడున్నరకు ఆ పీలిక శ్రీహరికోట వైపు, అంటే సముద్రం వైపు ఊగుతోంది. పదిన్నరకు కర్రను అంటుకుని వేలాడింది. మా పడవాయన నాతో ఏదో మాట్లాడుతూనే దాన్ని ఓ కంట కనిపెడుతున్నాడు. కాసేపటికి పీలిక చివర లేచి తడ వైపు తిరిగింది. "గుడ్డ తిరిగింది సార్, ఇక పోదాం" అని గెడ పక్కన పెట్టి ఇంజను వేసేశాడు. నాకేమో ఇంకో గంట ఉండాలనుంది, కాస్త కోపం కూడా వచ్చింది. ఇరవై నిమిషాల్లో అలలు పడవ అంచు దాటి ఒళ్ళో పడ్డాయి! ఎండెక్కి నేల వేడెక్కేసరికి సముద్రం గాలి లోపలికొస్తుంది. లోతు తక్కువ నీళ్ళలో అల పొట్టిగా, దగ్గరదగ్గరగా లేచి కుదిపేస్తుంది. కాబట్టి ఏడింటికి ఎక్కండి, పదకొండులోపు ఒడ్డున ఉండండి.

అంబత్తూరు ఫోటోగ్రాఫర్: పక్షుల దగ్గరకి ఇంజనుతో పోనివ్వకండి, గెడతోనే నెట్టమనండి. మేస్తున్న రాజహంసలు ఒక్కటొక్కటిగా తలలెత్తి ఒకే దిక్కుకు నడవడం మొదలెడితే, మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. అక్కడే ఆగిపోవాలి. ఇంకోటి, ఇంజను చప్పుడుకి చేపలు ఎగిరి పడవలోకే దూకుతాయి. మీవాడికి అదే పెద్ద సినిమా. లోతు లేదు కదా అని నీళ్ళలోకి మాత్రం దిగనివ్వొద్దు, బురదలో టేకు చేపలు ఉంటాయి, తోక ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోయినంత నొప్పి.

పాత మద్రాసు: ముందురోజు రాత్రి ఇన్‌కాయిస్ (హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ సముద్ర సూచన, బయల్దేరే ముందు చెన్నై రాడార్ బొమ్మ చూసుకో. పడవలో ఉండగా మెరుపు కనిపిస్తే లెక్కపెట్టు. ఉరుము ముప్పై సెకన్లలోపు వినిపిస్తే అది పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు, వెంటనే ఒడ్డుకి తిప్పించు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కొద్దు.

వేళచ్చేరి వాసి: అయితే అమ్మని పడవ ఎక్కించను. ఆమెకి నేలపట్టు పక్షుల కేంద్రం చాలేమో?

తడ అల్లుడు: భేషుగ్గా చాలు. సూళ్ళూరుపేట దాటాక వస్తుంది. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి, గట్టు మీద నుంచే చూడొచ్చు. చెట్ల కింద వాసన మాత్రం గట్టిగా ఉంటుంది, ఆమెకి ముందే చెప్పండి.

వేళచ్చేరి వాసి: సరేనండీ, అమ్మకి నేలపట్టు, వాడికీ నాకూ ఉదయం ఏడింటి పడవ. నాలుగున్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలి, అక్కని లేపడమే పెద్ద పని.