ఎండిపోయే కుంటల్లో సాలమాండర్లు గుడ్లు ఎందుకు పెడతాయి?

ప్రశ్న:
పర్వతాల్లోని చిత్తడి నేలల గురించి చదువుతుండగా నాకొక సందేహం కలిగింది. ఏడాది పొడవునా నీరుండే సరస్సు పక్కనే ఉన్నా, మంచు కరిగినప్పుడు ఏర్పడి వేసవి చివరికి ఇంకిపోయే చిన్న కుంటల్లో కొన్ని సాలమాండర్ (బల్లిలా కనిపించే ఉభయచరం) జాతులు గుడ్లు పెడతాయట. కుంట ఎండితే మొప్పలతో శ్వాసించే డింభకాలు (గుడ్లలోంచి వచ్చి నీటిలో పెరిగే పిల్లలు) చనిపోవాలి కదా! మరి అంత ముప్పు ఎందుకు కొనితెచ్చుకుంటాయి?

జవాబు 1:
ప్రధాన కారణం చేపలు. ఏటా ఎండే కుంటలో చేప నిలవదు కనుక గుడ్లకు, డింభకాలకు పెద్ద శత్రువు బెడద తప్పుతుంది. పైగా లోతు లేని నీరు ఎండకు త్వరగా వేడెక్కి ఎదుగుదలను వేగిరపరుస్తుంది. ఒక్కో ఏడు కుంట ముందే ఇంకిపోయి ఆ ఏటి సంతానమంతా నశించడమూ కద్దు. అయితే పెద్దవి చాలా ఏళ్లు బతుకుతాయి కనుక, నీరు నిలిచిన ఒక మంచి ఏడు ఆ లోటును పూడుస్తుంది.

జవాబు 2:
పై జవాబు తక్కువ ఎత్తులకు సరిపోతుంది గానీ, ఎత్తు పెరిగేకొద్దీ లెక్క తారుమారవుతుంది. ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాల్లోని పొడవు వేళ్ల సాలమాండర్‌నే తీసుకోండి: దిగువన దాని డింభకాలు అదే ఏడు రూపవిక్రియ (మొప్పలు పోయి నేల మీద బతికే రూపానికి మారడం) పూర్తిచేసుకుంటాయి, బాగా ఎత్తున, వేసవి మరీ చిన్నది కావడంతో, చలికాలమంతా మంచుగడ్డ కింది నీటిలోనే గడిపి రెండో వేసవిలోనో, ఇంకా ఆలస్యంగానో ఒడ్డెక్కుతాయి. అటువంటి చోట వాటికి కావలసింది ఎండిపోని, అడుగు దాకా గడ్డకట్టని, చేపలు లేని నీరు. జలపాతాలు అడ్డుకోవడం వల్ల ఆ సరస్సుల్లో చాలావాటికి ఒకప్పుడు చేపలు చేరలేదు. వినోదపు వేట కోసం 19వ శతాబ్దం చివరి నుంచి మనుషులే వాటిలో ట్రౌట్ చేపలను వదిలారు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆ చేపలను తొలగిస్తే ఫలితం ఉంటుందా?

జవాబు 3:
ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న సియెర్రా నెవాడా పర్వతాల్లో వలలతో ట్రౌట్‌ను తీసేసిన సరస్సుల్లో కప్పలు మళ్లీ పెరిగాయి. అయితే నీటిని మాత్రమే చూస్తే చాలదు. 2015లో ప్రత్యేక జాతిగా గుర్తించిన హిమాలయ సాలమాండర్ వానల్లో మడుగులకు చేరి నీటిమొక్కలను ఆనుకుని గుడ్లు పెడుతుంది, మిగతా కాలం దుంగల కింద, రాలిన ఆకుల చాటున గడుపుతుంది. మడుగును కాపాడి ఒడ్డును చదును చేస్తే దానికి మిగిలేది సగం ఇల్లే. ఇక ఆల్ప్స్‌లోని నల్ల సాలమాండర్ మన చర్చకే అందదు: అది నీటి అవసరమే లేకుండా, సాధారణంగా రెండేసి పిల్లలను నేల మీదే కంటుంది.