42 బిగుతు, 43 వదులు: వెడల్పు పాదానికి సైకిల్ బూటు ఎట్టా ఎంచుకోవాలి?

కావలి కుర్రోడు
అన్నలందరికీ నమస్తే. మూడు నెలల కింద ఆన్‌లైన్‌లో క్లీట్ బూట్లు తెప్పించాను, అదే, అడుగున పెడల్‌కు బిగిసే బిళ్ల ఉండేవి. మామూలుగా యూకే 8 వేస్తాను, చార్టులో దానికి 42 అని ఉంటే అదే పెట్టాను. ఇంట్లో వేసుకుని అటూ ఇటూ నడిస్తే బాగానే ఉన్నాయి. కావలి నుంచి నెల్లూరు తొక్కితే మాత్రం రాజుపాలెం వచ్చేసరికి కుడికాలి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారిపోతున్నాయి. కోవూరు దాటాక వేళ్ల కింద అరికాలు నిప్పుల మీద పెట్టినట్టు మంట. మొన్న పెన్నా బ్రిడ్జి మీద బూటు విప్పి చేత్తో పట్టుకుని నిలబడితే ఒకాయన బండి ఆపి, ఏమయ్యా అంతా బాగేనా అని అడిగాడు.

43 కూడా తెప్పించి చూశా. వేళ్లకు హాయిగా ఉంది, మడమ లేస్తోంది. 42 వెనక్కి తీసుకోరంట, అడుగున గీతలు పడ్డాయని. 43 వాపసుకు ఇంకా నాలుగు రోజులే గడువు. మా ఇంట్లో అందరివీ వెడల్పు పాదాలే, చిన్నప్పుడంతా పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగినోళ్లం. ఏం చేయమంటారు?

ఒంగోలు గిత్త
తమ్ముడూ, 43 పంపించెయ్, ఇంకో ఆలోచన వద్దు. పొడవు పెంచితే వెడల్పు దానంతట అదే వస్తుందనుకుంటాం. యూరప్ సైజుల్లో నంబరుకీ నంబరుకీ పొడవు తేడా ఆరున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. వెడల్పు పెరిగేది అందులో కొంచెమే. మడమ లేచే బూటుతో దూరం పోతే తొక్కిన ప్రతిసారీ కాలు లోపల జారుతుంది. అట్టాంటి బూటుతో 200 కిలోమీటర్లు పోయి మడమ తోలు ఊడగొట్టుకున్నోణ్ణి నేను. వారం రోజులు ఆఫీసుకు చెప్పులతో పోయా.

నీక్కావాల్సింది పెద్ద సైజు కాదు, వెడల్పు రకం. షిమానోలో కొన్ని మోడళ్లకు వైడ్ అని విడిగా ఉంటుంది. లేక్ కంపెనీలో కూడా వెడల్పువి దొరుకుతాయి. ముందు కాలు కొలువు. పొద్దున్నే కాదు, సాయంత్రం, వీలైతే తొక్కి వచ్చాక. మన ఎండలకు అప్పటికి పాదం కొంత ఉబ్బి ఉంటుంది. గోడకు మడమ ఆనించి, కాగితం మీద బరువంతా వేసి నిలబడి, రెండు కాళ్లూ కొలువు. ఏది పెద్దదైతే అదే నీ కొలత. యూకే నంబరు మర్చిపో, సెంటీమీటర్లు చూడు. షిమానో చార్టులో 42 అంటే 26.5.

రెండో గేరు
42 అంటే 27 కదా? నా బూటు నాలుక మీద 27 అనే ఉంది.

ఒంగోలు గిత్త
ఏ కంపెనీ?

రెండో గేరు
కంపెనీ ఏదైతే ఏం, సెంటీమీటరు ఎక్కడైనా సెంటీమీటరే.

ఒంగోలు గిత్త
కాదు స్వామీ. ఒకరు పాదం పొడవు రాస్తారు, ఇంకొకరు బూటు లోపలి పొడవు రాస్తారు. అందుకే చెప్తున్నా, నంబరు నమ్మొద్దు, ఆ కంపెనీ చార్టు నమ్ము.

రెండో గేరు
మరి నువ్వు 26.5 అని ఒకటే మాట చెప్పావే.

చెప్పుల సైకిల్
మూడు నెలలు కాలు మండించుకుని ఇప్పుడు ఇంకో జత కొనమంటున్నారు. బాగుంది. ఎవరూ అడగని మాట నేనడుగుతా. ఆ క్లీట్లు ఎందుకు అసలు?

నేను ముప్పై ఏళ్లుగా నెల్లూరులో తొక్కుతున్నా. ఆఫీసుకు, మార్కెట్‌కు, ఆదివారం మైపాడుకు. కాలికి వెనక పట్టీ ఉన్న శాండల్స్, సైకిల్‌కు మామూలు పెడల్స్. బీఆర్ఎం 200, అంటే గడువులోగా 200 కిలోమీటర్లు తొక్కే రైడ్ కూడా వాటితోనే చేశా. దానికి పదమూడున్నర గంటల గడువిస్తారు, ఇంకా టైముండగానే వచ్చేశా. దారిలో ఎక్కడా కాలు మండలేదు, ఎందుకంటే నా వేళ్లను ఎవరూ డబ్బాలో బిగించలేదు. క్లీట్ ఉంటే పైకి లాగొచ్చు, బలం డబుల్ అవుతుందంటారు. పైకి వచ్చే కాలు తన బరువు తాను మోసుకుంటే చాలు, పని చేసేది కిందికి తొక్కే కాలే. ఈ అబ్బాయి పందేలకు పోతున్నాడా? కావలి నుంచి నెల్లూరు వస్తున్నాడు, అంతే.

గాలివాటం
షిమానో వాళ్లు క్లీట్ పెట్టుకునే శాండల్స్ కూడా తయారుచేశారు. మీ ఇద్దరికీ సరిపోతాయి.

కావలి కుర్రోడు
అన్నా, నాకు క్లీట్ నచ్చింది. కాలు జారదు. బూటు గురించే నా బాధ.

బుచ్చి బుల్లెట్
తమ్ముడూ, షుగర్ ఒకసారి చూపించుకో. మా బాబాయికి ఇట్టాగే వేళ్లు మొద్దుబారేవి, బూట్లదే తప్పనుకుంటూ ఏడాది గడిపాడు.

కావలి కుర్రోడు
చూపించానన్నా, బాగానే ఉంది. బూటు విప్పిన పది నిమిషాలకు తగ్గిపోతుంది.

ఒంగోలు గిత్త
పది నిమిషాలకు తగ్గుతోందంటే చాలావరకు బూటుదే. వేళ్ల మొదట్లో ఎముకల నడుమ నుంచి సన్నటి నరాలు పోతాయి. పక్కల నుంచి బూటు నొక్కుతుంటే, కింద నుంచి క్లీట్ పొడుస్తుంటే అవి మధ్యలో నలుగుతాయి. దానికే తిమ్మిరి, దానికే మంట. క్లీట్‌ను మడమ వైపు రెండు మూడు మిల్లీమీటర్లు జరిపితే ఆ పోటు తగ్గుతుంది. వేళ్ల వైపు పట్టీ వదులు చెయ్, మడమ దగ్గరి పట్టీ మాత్రమే బిగించు. చాలామంది ఉల్టా చేస్తారు.

ఇక చెప్పుల పెద్దాయనకు. 1984లో, మంచు మీద జారే స్కీలకు బూటును పట్టి ఉంచే బైండింగులు చేసే లుక్ కంపెనీ ఈ క్లీట్ పెడల్ తెచ్చింది. మరుసటి ఏడే వాటితో ఫ్రెంచ్ రేసర్ ఇనో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచాడు. అంతకుముందు కాలిని తోలు పట్టీతో పెడల్‌కు కట్టుకునేవాళ్లు, పడితే సైకిల్‌తో పాటే పడేవాళ్లు. మడమ పక్కకు తిప్పగానే ఊడొచ్చేది వచ్చాక ఆ కష్టం తీరింది. ఇది ఫ్యాషన్ కాదు సార్. మెత్తటి శాండల్ అడుగు వంగుతుంది, వాన పడితే పెడల్ మీద సబ్బులా జారుతుంది.

చెప్పుల సైకిల్
నాకు క్లాసు చెప్పక్కర్లేదు. మైపాడు రోడ్డు మీద టూర్ ద ఫ్రాన్స్ ఎక్కడ జరుగుతోంది? ఒక జత బూట్లు, పెడల్స్ కలిపితే నా సైకిల్ ఖరీదు. మీకు అవి కాళ్లకు తొడుక్కోవడానికి కాదు, నలుగురిలో చూపించుకోవడానికి.

ఒంగోలు గిత్త
నలుగురిలో చూపించుకోవడానికా? తెల్లారి నాలుగున్నరకు లేచి, చీకట్లో ఎవరికి చూపిస్తాం సార్? నా బూట్లకు నాలుగేళ్లు, ఫెవిక్విక్‌తో అతికించి వాడుతున్నా.

రెండో గేరు
26.5 పాదం కొలతా, లోపలి కొలతా? ఇంతకీ చెప్పలేదు.

గాలివాటం
కుర్రోడా, నీవి షిమానో ఎర్ర క్లీట్లా, పసుపా? ఎర్రవి కాలిని అటూ ఇటూ కదలనివ్వవు. పసుపువైతే ఆరు డిగ్రీలు కదులుతుంది, మోకాలికి సుఖం.

కావలి కుర్రోడు
పసుపే అన్నా.

చెప్పుల సైకిల్
చీకట్లో ఎవరికి చూపిస్తామంటావా? సంక్రాంతి తర్వాతి ఆదివారం మా వాడికి చూపించావు, గుర్తుందా? పదిహేడేళ్ల పిల్లోడు. గేర్ల సైకిల్ కొనిచ్చిన రెండో వారం, స్కూల్ కాన్వాస్ బూట్లేసుకుని మీ గుంపుతో మైపాడుకు వచ్చాడు. ఇందుకూరుపేటలో టీ దగ్గర పదిమంది ముందు, సరైన బూట్లు కొనుక్కునే దాకా రావద్దన్నావు. వాడు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. వాడి స్నేహితుడు చెప్తే తెలిసింది నాకు. సైకిల్ అప్పట్నుంచీ మెట్ల కింద ఉంది. నీ చార్టులూ సెంటీమీటర్లూ నాకు అందుకే ఎక్కవు.

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త తగ్గండి. బూట్ల చర్చ ఇది.

ఒంగోలు గిత్త
మీ అబ్బాయని నాకు తెలియదు. తెలిసుంటే ఇంటికొచ్చి చెప్పేవాణ్ణి.

ఆ రోజు వాడి వెనకాలే ఉన్నా నేను. ఇందుకూరుపేట ఇంకా రాలేదు, మంచు. కుడి బూటు లేసు ఊడి క్రాంకుకు, అదే పెడల్ బిగించే కడ్డీకి చుట్టుకుంది. కాలు లాగేస్తే హ్యాండిల్ తిరిగిపోయి సైకిల్ రోడ్డు మధ్యకు వెళ్లింది. ఎదురుగా రొయ్యల ఐసు లారీ. నేను అరిచిన అరుపుకు లారీ పక్కకు కోశాడు. నాకు చేతులు వణుకు తగ్గడానికి ఆ టీ కొట్టు దాకా పట్టింది. అక్కడ నోటికి ఏమొచ్చిందో అనేశా.

చెప్పుల సైకిల్
లారీ సంగతి వాడు చెప్పలేదు.

బుచ్చి బుల్లెట్
లేసు చివర బూటులోకి దోపుకోవాలి. మా ఊళ్లో పాలు పోసే కుర్రోళ్లంతా అంతే చేస్తారు.

చెప్పుల సైకిల్
సరే. భయపడ్డావు, అరిచావు, ఒప్పుకుంటా. కానీ లేసు దోపుకోరా అనొచ్చుగా? మాట పెగలకపోతే ఊరుకోవచ్చుగా? బూట్లు కొనుక్కునే దాకా రావద్దని ఎట్టా అంటావు? ఆ తర్వాత వారమే వాట్సాప్‌లో గుంపుకు క్లీట్లు తప్పనిసరి అని రూలు పెట్టిందెవరు?

ఒంగోలు గిత్త
గంటకు 28 కిలోమీటర్లతో పోయే మొదటి గుంపుకు మాత్రమే పెట్టాను. అందరికీ కాదు. చక్రానికి చక్రం ఆనుకుని పోయేటప్పుడు ఒకడి కాలు జారితే వెనక ఆరుగురు పడతారు.

చెప్పుల సైకిల్
మొదటి గుంపు పోయాక రెండో గుంపును ఎవరు నడిపిస్తున్నారు? ఎవరూ లేరు. దారి తెలిసినోళ్లు, ట్యూబు మార్చడం వచ్చినోళ్లు అంతా మొదటి గుంపులోనే. పిల్లలూ, ముసలోళ్లూ, కాన్వాస్ బూట్లోళ్లూ వెనక వాళ్ల పాట్లు వాళ్లు పడాలి. నేను బూట్ల మీద కొట్లాడుతున్నాననుకుంటున్నారు.

ఒంగోలు గిత్త
దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆదివారం ఒక్కరోజు గట్టిగా తొక్కుదామనుకుంటా. వారమంతా నాకు దొరికేది ఆ మూడు గంటలే. నెలకో ఆదివారం వెనక ఉంటా. అంతకుమించి మాటివ్వలేను.

గాలివాటం
ఇంకో ఆదివారం నేనుంటా. నాకెట్టాగూ 28 రాదు.

కావలి కుర్రోడు
అన్నలూ, మధ్యలో వస్తున్నా. వాపసుకు రేపే ఆఖరు. సాయంత్రం తుమ్మలపెంట దాకా తొక్కి వచ్చి కొలిచాను. ఎడమ 26.3, కుడి 26.8. 42 బూటులోంచి ఇన్‌సోల్, అదే లోపల పరిచే అట్ట, బయటికి తీసి దాని మీద నిలబడితే కుడి చిటికెన వేలు దాదాపు మొత్తం పక్కకు వచ్చేసింది. ఇంత తేడా ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

ఒంగోలు గిత్త
అట్టా ఇన్‌సోల్ మీద నిలబడి చూడటమే సరైన పరీక్ష, నేను మొదటే చెప్పాల్సింది. షిమానో చార్టులో 26.8కి 42.5. అర సైజు, అదీ వైడ్ రకంలో ఉందేమో వెతుకు. 43 రేపే పంపెయ్. కొత్తవి వచ్చేదాకా 42కి క్లీట్ వెనక్కి జరుపు, పల్చటి సాక్స్ వేసుకో, ముప్పై కిలోమీటర్లు దాటకు. వచ్చాక ఇంట్లోనే, సాక్స్‌తో సాయంత్రం అరగంట తొడుక్కుని కూర్చో. రోడ్డెక్కితే గీతలు పడతాయి, ఇక తీసుకోరు.

చెప్పుల సైకిల్
43 పంపెయ్. ఈ ఒక్క మాటలో ఆయనతో నేనూ ఉన్నా. ఆ డబ్బులొచ్చాక ఒక వారం శాండల్స్‌తో తొక్కి చూడు, ఆ తర్వాత కొనుక్కో.

రెండో గేరు
నా ఇన్‌సోల్ కొలిచా, 27.2 ఉంది. అంటే నా పాదం ఎంత ఉండాలి?

బుచ్చి బుల్లెట్
నీ పాదం నువ్వు కొలుచుకో అన్నా.

చెప్పుల సైకిల్
గిత్తా, లేసు చుట్టుకుంది చైన్‌కా, క్రాంకుకా?

ఒంగోలు గిత్త
క్రాంకుకే సార్. కుడివైపు.

చెప్పుల సైకిల్
ఇప్పుడే మెట్ల కింద చూసొచ్చా. వాడి బూట్లు సైకిల్ పక్కనే ఉన్నాయి. కుడి లేసు కొస తెగి ఉంది.