ఫుట్‌బాల్‌లో పదిహేడేళ్ల స్ట్రైకర్‌ని వింగ్‌కి మారమంటే ఒప్పుకోవాలా?

తిరుపతి టచ్‌లైన్:
మన తిరుపతి, చిత్తూరు స్కూల్ టీముల్లో గోల్స్ కొట్టి బెంగళూరు, చెన్నై అకాడమీలకి వెళ్లే స్ట్రైకర్లకి ఈ మాట ఎదురవుతూనే ఉంది: "సెంటర్ వద్దు, వింగ్‌లో ఆడు." అంటే గోల్ ఎదుట మధ్యలో కాదు, మైదానం పక్క అంచున ఆడమని. ఒప్పుకుంటే బాగుపడతాడా, ఉన్న విద్య కూడా పోతుందా?

చిత్తూరు రైట్‌బ్యాక్:
ఒప్పుకోవాలి. 2021-22 నుంచి ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఒక టీముకి మైదానంలో నలుగురు విదేశీయులకే చోటు. అందులో ఒకటి మామూలుగా సెంటర్ ఫార్వర్డ్‌కే పోతుంది. మన్వీర్ సింగ్ ఎఫ్‌సీ గోవా క్లబ్‌లో స్ట్రైకర్. మోహన్ బగాన్‌కి వచ్చాక కుడి వింగ్‌లో కుదురుకున్నాడు. ఈ వయసులో కావాల్సింది ఆడే నిమిషాలు.

ఇంకోటి. స్కూల్ స్థాయిలో మనవాళ్ల గోల్స్ ఎక్కువగా లాంగ్ బాల్ వెంట పరుగెత్తి కొట్టినవే. పై స్థాయికి పోతే స్టాపర్లూ (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్లు) అంతే వేగంగా ఉంటారు, పైగా పది గజాలు వెనక్కి దిగి నిలబడతారు. సెంటర్‌లో పరుగెత్తడానికి ఖాళీ ఎక్కడిది?

తొమ్మిదో నంబర్:
అన్నా, వేగం చాలనప్పుడే కదా స్ట్రైకర్ పని నేర్చుకోవాల్సింది! వింగర్‌కి ఆటంతా ఎదురుగా కనిపిస్తుంది. సెంటర్‌లో ఆడేవాడికి స్టాపర్ వీపు మీదే ఉంటాడు. క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకి వేసే బంతి) వచ్చేటప్పుడు స్టాపర్ బంతినీ మనిషినీ ఒకేసారి చూడలేడు. అతని తల బంతి వైపు తిరగ్గానే భుజం వెనక్కి జారాలి. ఫార్ పోస్ట్ (బంతికి దూరంగా ఉన్న గోల్ స్తంభం) వైపు రెండడుగులు వేసి, వింగర్ తల దించి కాలు వెనక్కి తీసిన క్షణంలో స్టాపర్ ముందు నుంచి నియర్ పోస్ట్‌కి (దగ్గరి స్తంభానికి) దూసుకుపోవాలి. ముందే కదిలితే బంతి వచ్చేసరికి నిలబడిపోతాడు, ఆలస్యమైతే స్టాపర్ అడ్డం పడతాడు. ఇది మ్యాచ్‌ల్లో చేసీ చేసీ ఒంటబట్టాల్సిందే, గీత పక్కన నిలబడితే రాదు. సునీల్ ఛెత్రీ పొడగరి కాదు, అయినా హెడర్లు కొట్టాడంటే ఈ కదలిక వల్లే.

చిత్తూరు రైట్‌బ్యాక్:
ఛెత్రీ మాట మీరే తెచ్చారు. 2017-18లో బెంగళూరు ఎఫ్‌సీకి విదేశీ స్ట్రైకర్ మికు సెంటర్‌లో ఆడితే ఛెత్రీ ఎక్కువగా ఎడమ వైపు ఆడాడు. మికు 15 గోల్స్, ఛెత్రీ 14.

తొమ్మిదో నంబర్:
అప్పటికి ఆయనకి 33 ఏళ్లు. సెంటర్ విద్యంతా చేతికొచ్చాక పక్కకి వెళ్లాడు. మన పిల్లోడు అది నేర్వకముందే వెళ్తున్నాడు.

తారకరామ గ్యాలరీ:
ముందు ఏ వింగ్ అని అడగండి. కుడికాలి వాడిని కుడి వైపు పెడితే గీత పట్టుకుని క్రాస్‌లు వేయడంతోనే సరిపోతుంది, గోల్‌కి దూరమైపోతాడు. ఎడమ వైపైతే లోపలికి కోసుకొచ్చి కొట్టొచ్చు, కుడి నుంచి క్రాస్ వచ్చినప్పుడు ఫార్ పోస్ట్ దగ్గర రెండో స్ట్రైకర్ అవుతాడు. ఎడమ వింగ్‌కైతేనే సరే అనమంటాను.

సెంటర్ విద్య పోకుండా వారానికి రెండు రోజులు ప్రాక్టీస్ తర్వాత 20 నిమిషాలు ఫినిషింగ్ చేయాలి. పెనాల్టీ స్పాట్ దగ్గర, పక్క నుంచి వచ్చే బంతిని ఒకే టచ్‌తో, ఎనిమిదేసి చొప్పున నాలుగు విడతలు, సగం ఎడమ కాలితో. బంతి గోల్ బారు పైనుంచి పోవడం మొదలైతే ఆపెయ్యాలి. అలసి కొట్టేకొద్దీ ఒళ్లు వెనక్కి వాల్చే అలవాటు పడుతుంది.

వింగ్‌లో స్ప్రింట్లు పెరుగుతాయి, తొడ వెనక కండరం పట్టేస్తుంది. నార్డిక్ కర్ల్స్ (మోకాళ్ల మీద నిలబడి, మడమలు పట్టించుకుని ఒంటిని మెల్లగా ముందుకి వంచే వ్యాయామం) వారానికి రెండుసార్లు చేయాలి, మ్యాచ్ ముందురోజు మాత్రం వద్దు. మన గట్టి నేలల మీద పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు వేసుకోనివ్వద్దు.

తిరుపతి టచ్‌లైన్:
మరి కాంట్రాక్టు మీద సంతకం సంగతి?

తారకరామ గ్యాలరీ:
ఫిఫా నియమాల ప్రకారం 18 నిండని ఆటగాడి ప్రొఫెషనల్ కాంట్రాక్టు మూడేళ్లు దాటకూడదు. అంతకు మించి రాసిన కాగితం మీద అమ్మానాన్నల్ని సంతకం పెట్టనివ్వకండి.