దరఖాస్తు వ్యాసంలో జాతి గురించి ఎంతవరకు రాయవచ్చు?

న్యూజెర్సీలో చదువుతున్న మా అమ్మాయి ఈ ఏడాది కాలేజీలకు దరఖాస్తు చేస్తోంది. హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసులలో అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్ 29న ఇచ్చిన తీర్పు జాతిని బట్టి ప్రవేశాలలో మొగ్గు చూపడం చెల్లదన్నది. అయితే జాతి తన జీవితంపై చూపిన ప్రభావాన్ని విద్యార్థి రాసుకుంటే, అది ఆ విద్యార్థి గుణానికో సామర్థ్యానికో ముడిపడి ఉన్నంతవరకు పరిగణించవచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అందులోనే స్పష్టం చేశారు.

కిరాణా కొట్టులో అమ్మమ్మ ఇంగ్లీషును ఒకరు వెక్కిరిస్తే తాను అడ్డుపడి మాట్లాడటం, ఆ తర్వాత లైబ్రరీలో వలస వచ్చిన పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టడం గురించి అమ్మాయి వ్యాసం రాసింది. ఆసియా మూలాలను సూచించే మాటలన్నీ తీసేయమని ఒక సలహాదారు అంటున్నారు. అవి తీసేస్తే అందులో మా పిల్లే మిగలదని నా అభిప్రాయం. నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలకూ తమ కథ చెప్పుకోవడానికి మిగిలిన ఈ కాస్త చోటును మనవాళ్లు భయంతో వదులుకోవడం కూడా నాకు సబబుగా తోచడం లేదు.

తీర్పు తర్వాత పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు, ప్రవేశాల విభాగాలలో పనిచేసినవారు దయచేసి చెప్పండి: ఇలాంటి వ్యాసాన్ని ఎలా చదువుతారు? దరఖాస్తులో జాతి గడిని ఖాళీగా వదిలేసి, వ్యాసంలో మాత్రం రాయడం వల్ల ఏమైనా ఇబ్బంది ఉంటుందా?